కొత్తగా కొన్న ఇంట్లో రిపేర్లు: ముందు నీళ్లు ఎక్కడ ఆగుతాయో చూసుకోండి

మీరు పన్నెండేళ్ల నాటి ఇండిపెండెంట్ ఇల్లు కొన్నామని, చిన్న పనులకు మనుషులు దొరకడం లేదని, సొంతంగా ఎంతవరకు చేసుకోవచ్చో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. నాదీ అచ్చం ఇదే అనుభవం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేం 2021లో హైదరాబాద్ శివారు బోడుప్పల్‌లో 150 గజాల్లో ఉన్న పాత ఇల్లు కొన్నాం. అంతకుముందు పద్నాలుగేళ్లు అద్దె ఇళ్లలోనే ఉన్నాం. కుళాయి కారితే ఓనరుకు ఒక మాట చెబితే ఆయన ఎవరినో పంపేవారు. ఆ వచ్చిన మనిషి ఏం విప్పాడో, ఏం బిగించాడో నేను ఏ రోజూ పక్కన నిలబడి చూడలేదు. గృహప్రవేశం అయిన మూడో వారంలోనే ఆ లోటు తెలిసొచ్చింది.

ఆదివారం పొద్దున. బాత్రూమ్ కుళాయి ఎంత బిగించినా బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. లోపల వాషర్ అరిగి ఉంటుందనుకున్నాను, అది నిజమే కూడా. గోడకు ఒక వాల్వ్ కనిపిస్తే దాన్ని కట్టేసి, స్పానరుతో కుళాయి పైభాగం విప్పాను. నేను కట్టింది గీజర్ లైను వాల్వ్ అని అప్పుడు తెలియదు. ఆఖరి చుట్టు తిరగగానే నీళ్లు ఎదుటి గోడకు కొట్టాయి. మేడ మీదికి పరుగెత్తి ట్యాంకు కింద ఉన్న గేట్ వాల్వ్ పట్టుకున్నాను. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వ్ అది. రెండు చేతులతో బలం పెడితే చక్రమైతే తిరిగింది, లోపల నీటికి అడ్డం పడాల్సిన పలక మాత్రం దిగలేదు. కడ్డీ విరిగిపోయింది. కింద నుంచి మా ఆవిడ "ఏవండీ, హాల్లోకి వచ్చేస్తున్నాయి" అని కేక. పక్కింటి అంకుల్ విని వచ్చి, చీపురు కర్ర ముక్కకు పాత గుడ్డ గట్టిగా చుట్టి నేను విప్పిన కుళాయి రంధ్రంలోకి నొక్కి పట్టుకున్నారు. వెయ్యి లీటర్ల ట్యాంకును వంటింటి కుళాయి నుంచీ, పెరటి కుళాయి నుంచీ వదిలేసి ఖాళీ చేసేదాకా ఆయన అలాగే కూర్చున్నారు. వెళ్లేటప్పుడు "బాబూ, ఏదైనా విప్పే ముందు అది ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలి" అన్నారు.

మీ ప్రశ్నకు నా జవాబు కూడా అదే. రిపేరు చేయడం తర్వాత నేర్చుకోవచ్చు, ఆపడం ముందు నేర్చుకోవాలి. ఏ కుళాయికి నీళ్లు ఎక్కడ ఆగుతాయి, ఏ గదికి కరెంటు ఎక్కడ ఆగుతుంది అన్నది మీకే కాదు, ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరికీ తెలియాలి. మనం ఆఫీసులో ఉన్నప్పుడు పైపు పగిలితే ఇంట్లో వాళ్లు ఏం చేస్తారో ఒకసారి ఆలోచించండి.

మర్నాడు ప్లంబర్‌ను పిలిచి గేట్ వాల్వ్ తీయించి ఇత్తడి బాల్ వాల్వ్ పెట్టించాను. దీని పిడి పావు చుట్టు తిప్పితే చాలు. పైపుకు అడ్డంగా ఉంటే కట్టినట్టు, పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, చూడగానే తెలిసిపోతుంది. వాల్వ్ పక్కనే యూనియన్, అంటే విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు, కూడా పెట్టించండి, రేపు మార్చాల్సి వస్తే పైపు కోయనక్కర్లేదు. ట్యాంకు నుంచి దిగే నాలుగు లైన్లలో ఏది ఎక్కడికి వెళ్తుందో ఒక్కొక్కటి కట్టి, కింద కుళాయిలు తిప్పి చూసుకున్నాం. మా అబ్బాయి పెయింటుతో వాటి పక్కన గోడ మీద వంటిల్లు, ముందు బాత్రూమ్, వెనక బాత్రూమ్, పెరడు అని రాశాడు. అప్పటి నుంచి రెండు మూడు నెలలకోసారి అన్నీ ఒకసారి కట్టి తెరుస్తుంటాను, పట్టేయకుండా ఉండాలని.

ఇంకో మాట. ఇల్లు అమ్మినాయన ఫోన్ నంబరు మీ దగ్గర ఉంటే ఒక్క గంట రమ్మని అడగండి. నేను మొహమాటపడి రెండు నెలలు ఆలస్యం చేశాను. ఆయన ఎంతో ఆప్యాయంగా వచ్చి, తన చేతులతో కట్టించుకున్న ఇంట్లో గది గది తిరుగుతూ, గోడల్లో పైపులు ఎటు పోయాయో, సెప్టిక్ ట్యాంకు మూత ఏ టైల్స్ కింద ఉందో, ఎర్తింగ్ గుంత ఎక్కడ తీశారో చాక్‌పీస్‌తో గీసి చూపించారు. అన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఆ తర్వాత గోడకు డ్రిల్లింగ్ చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ ఫోటోలు చూస్తాను.

ఇక కుళాయి పని. పాతరకం, అంటే చాలా చుట్లు తిరిగే కుళాయికి రబ్బరు వాషర్ మారిస్తే సరిపోతుంది. పావు చుట్టుతో తెరుచుకునే కొత్తరకం అయితే లోపలి కార్ట్‌రిడ్జ్ (నీటిని తెరిచి మూసే భాగం) మొత్తం మార్చాలి. పాతది చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లండి, కొలతలు కంపెనీకో రకంగా ఉంటాయి. కుళాయే మార్చేటట్టయితే గోడలోకి బిగించే మరలు (చుట్ల గాళ్లు) మీద టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపుకే చుట్టండి, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు టేపు ఊడివస్తుంది. ముఖ్యంగా అతిగా బిగించకండి. చేతితో బిగిసినంత బిగించి, ఆపైన స్పానరుతో అర చుట్టో, ఇంకాస్తో చాలు. వెనక బాత్రూమ్‌లో గట్టిగా ఉండాలని నేను ఇంకా బిగిస్తే గోడలోపలి సీపీవీసీ ఎల్బో (ప్లాస్టిక్ పైపు మలుపు దగ్గరి జాయింటు) చిట్లింది. బయటికి ఏమీ కనబడలేదు. పది రోజులకు అవతలి గదిలో గోడ చెమ్మగిల్లింది. రెండు టైల్స్ పగలగొట్టి ఎల్బో మార్పించాల్సి వచ్చింది, ఆ రంగు టైల్స్ ఇప్పుడు మార్కెట్లో లేవు.

మీదీ బోరు నీళ్లే అయితే ఉప్పు పేరుకోవడం తప్పదు. షవర్ రంధ్రాలు, కుళాయి మూతిలో జాలీ మూసుకుపోతే కొత్తవి కొనకండి. విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తాయి. యాసిడ్ మాత్రం పోయకండి, క్రోమ్ పూత లేచిపోతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

కరెంటు విషయంలో నేను గీసుకున్న గీత ఇది: ఫ్యాను కెపాసిటర్, బల్బు హోల్డర్ వరకు, అదీ మెయిన్ కట్టేసి. అంతకుమించి లైసెన్సున్న ఎలక్ట్రీషియనే. ఫ్యాను నంబరు ఐదులో పెట్టినా నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు కెపాసిటర్ బలహీనపడినట్టే. మామూలు సీలింగ్ ఫ్యానుకు ఎక్కువగా 2.5 ఎంఎఫ్‌డీది (మైక్రోఫారడ్) ఉంటుంది. పాతదాని మీద ఏముందో చదివి అదే తెచ్చి వేయండి. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకోకండి, ముందు పనిచేస్తున్న ప్లగ్‌లో పెట్టి టెస్టర్ బాగుందో లేదో చూసుకోండి. గీజర్‌ను చిన్న 6 ఆంపియర్ల ప్లగ్‌లో పెట్టే ఇళ్లు చాలా చూశాను. 2000 వాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల పాయింటు, తగిన మందం వైరు ఉండాల్సిందే.

మొదట్లో మా ఇంటి కరెంటు బోర్డులో ఎంసీబీ స్విచ్చులు ఉండేవి గానీ ఆర్‌సీసీబీ ఉండేది కాదు. రెండూ ఒకటే అనుకునేవాడిని. ఎంసీబీ కాపాడేది వైరును, లోడు ఎక్కువైనా షార్ట్ అయినా పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి భూమిలోకి పారే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కలోకి రాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే ఆ లీకేజీని పసిగట్టి క్షణంలో కట్ చేస్తుంది. మీ బోర్డు తెరిచి 'T' (టెస్ట్) అని రాసి ఉన్న చిన్న బటన్ ఉందో లేదో చూడండి. లేకపోతే, వేరే ఏ ఖర్చుకన్నా ముందు ఈ పని చేయించండి. ఉంటే నెలకోసారి ఆ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి.

ఆర్‌సీసీబీ పెట్టించాక మాకు వాన పడ్డప్పుడల్లా అది పడిపోయేది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. దాన్ని తీసేయిద్దామని ఒకరు సలహా కూడా ఇచ్చారు. అన్ని ఎంసీబీలూ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే బయటి లైట్ల లైను దగ్గర పడింది. గేటు దీపం గాజు బుడ్డి తీసి చూస్తే హోల్డర్‌లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ ఇనుప గేటునే పట్టుకుని మా అమ్మాయి రోజూ స్కూల్ ఆటో కోసం నిలబడేది. ఆ రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇక మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది స్లాబు. మొదటి వానాకాలంలోనే పడకగది సీలింగ్ మూలలో అరచేయంత మరక వచ్చింది. ఆగస్టులో గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాను. దసరా నాటికి పెచ్చులు పెచ్చులుగా ఊడి మంచం మీద పడింది. మళ్లీ వేయించబోతే మేస్త్రి వద్దన్నాడు. "సార్, మరక పడ్డ కాడ కాదు, నీళ్లు నిలిచిన కాడ చూడాలె" అని నన్ను మేడ మీదికి తీసుకెళ్లాడు. నాలుగు బకెట్ల నీళ్లు పోసి పక్కకు జరిగి నిలబడ్డాడు. నీళ్లు వాటం పట్టి వాన నీటి పైపు వైపు పోవాలి కదా, సగం దూరం పోయి పిట్టగోడ వారన ఆగిపోయాయి. పైపు మూతిలో చెయ్యి పెడితే వేపాకు, మట్టి కలిసి ముద్దలా వచ్చింది. నీళ్లు ఆగిన చోటే, పిట్టగోడా స్లాబూ కలిసే అంచున, గోరు మాత్రమే దూరే సన్నటి పగులు. ఆ పగులుకూ కింద మరకకూ మధ్య ఆరడుగుల దూరం. కాంక్రీటులో నీళ్లు తమకు దారి దొరికిన వైపు పోతాయి, అందుకే కింద మరకను బట్టి పైన పగులు వెతికితే దొరకదు.

పని ఎండాకాలంలో చేశాం. స్లాబు పూర్తిగా ఎండి ఉండాలని మేస్త్రి ఏప్రిల్ దాకా ఆగమన్నాడు. పగులును వెడల్పు చేసి, దుమ్ము లేకుండా కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటు ముద్ద కూరాడు. పిట్టగోడ మూల పొడవునా నీళ్లు నిలవకుండా సిమెంటుతో ఏటవాలుగా, గుండ్రంగా దిద్దాడు. పల్లంగా ఉన్న చోట వాటం సరిచేశాడు. అది ఆరాక వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ నేనూ మా అబ్బాయీ సాయంత్రాలు వేశాం, మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. చివర్లో పైపు మూతి గుడ్డతో మూసి, ఆ మూలకు ఇటుకలతో చిన్న గట్టు కట్టి నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచాం. కింద సీలింగ్ పొడిగా ఉందని తేలాకే గదికి రంగు. మూడు వానాకాలాలు గడిచాయి, మళ్లీ మరక రాలేదు. ఏటా మే నెలాఖరులో మేడ ఊడ్చి పైపు మూతులు శుభ్రం చేయడం ఒక్కటే నేను చేసే పని. ఇది ఎవరైనా చేసుకోగలిగిందే, మీరు తప్పకుండా చేయండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరు జోలికి వెళ్లకండి, అది కరెంటు డిపార్ట్‌మెంటు వాళ్ల పని. సెప్టిక్ ట్యాంకులోకి మీరు దిగకండి, డబ్బిస్తామని ఇంకొకరినీ దింపకండి. అందులో విషవాయువులు ఉంటాయి, వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు. రక్షణ లేకుండా మనుషులతో ఆ పని చేయించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. సక్షన్ ట్యాంకరు పిలిపించండి. మంచినీళ్ల సంపు అయినా మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, పైన ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి. పని అయ్యాక మూతకు తాళం వేయండి. చిన్న పిల్లలున్న ఇల్లయితే ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

సామాన్లు ఒకేసారి కొనేయకండి. పైపు రెంచి ఒకటి, అడ్జస్టబుల్ స్పానరు, టెస్టర్, టెఫ్లాన్ టేపు, రెండు సైజుల వాషర్లు, కుళాయి ఊడితే రంధ్రానికి బిగించే ప్లాస్టిక్ ప్లగ్ రెండు. ఈ ఆఖరిది పది ఇరవై రూపాయల వస్తువు, ఆ ఆదివారం మా ఇంట్లో అదొక్కటి ఉంటే అంకుల్ అంతసేపు తడిసి కూర్చోవాల్సి వచ్చేది కాదు.

ఈ వారాంతంలో వీలు చూసుకుని మేడ ఎక్కి ట్యాంకు కింద వాల్వ్ నెమ్మదిగా తిప్పి చూడండి. తిరిగి, కింద కుళాయిలు ఆగితే గోడ మీద పేరు రాసి దిగిపోండి. పట్టేసి ఉంటే మాత్రం బలవంతం చేయకుండా, ప్లంబర్‌తో మాట్లాడి ట్యాంకు కడిగే రోజున మార్పించండి, ఆ రోజు ఎలాగూ ట్యాంకు ఖాళీగా ఉంటుంది. ఇంట్లో ఏ లైను ఎటు పోతుందో అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.