వాషర్ డ్రయర్‌లో బట్టలు తడిగా మిగలడం, కొత్త ఫ్లాటుకు ఏది కొనాలన్న ప్రశ్న

కొత్త ఫ్లాటుకు ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే ఒకే యంత్రం (వాషర్ డ్రయర్) కొనాలా, వాషర్, డ్రయర్ విడివిడిగా కొనాలా అని అడిగారు. ముందుగా, మీరు చెప్పినట్టు మీ అక్కగారి 8 కిలోల వాషర్ డ్రయర్‌లో బట్టలు తడిగానే వస్తున్నాయంటే, ఉతికినవన్నీ ఒకేసారి ఆరబెట్టడమే కారణమై ఉండవచ్చు. అటువంటి యంత్రం 8 కిలోలు ఉతికినా తరచుగా 5 కిలోలే ఆరబెట్టగలదు. కొన్ని బట్టలు బయటికి తీసి, మిగిలినవే యంత్రంలో ఆరబెట్టి చూడమనండి. ఇక మీ కొనుగోలు సంగతి:

1. మీరు నలుగురు, పైగా దుప్పట్లు, తువ్వాళ్లు ఎక్కువన్నారు కనుక వాషర్, డ్రయర్ విడివిడిగా కొనడమే మేలని నా అభిప్రాయం.

2. మీ యుటిలిటీలో డ్రయర్ తేమగాలిని పంపే గొట్టం బయటికి పెట్టే వీలు లేదు కాబట్టి, ఆ గొట్టం అక్కర్లేకుండా వేడిగాలినే మళ్లీ మళ్లీ వాడుకునే హీట్ పంప్ డ్రయర్ తీసుకోండి. ధర ఎక్కువే, ఆరడానికీ సమయం పడుతుంది, కానీ కరెంటు బాగా ఆదా అవుతుంది.

3. చాలామంది మరచిపోయేది సాకెట్లు. వేడినీటి ఉతుకులో వాషర్ ఒక్కటే సుమారు 2,000 వాట్లు లాగుతుంది. రెండు యంత్రాలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే వైరు వేడెక్కి ప్లగ్గు కరిగే ప్రమాదం ఉంది. అందువల్ల గోడకు టైల్స్ అతికించకముందే ఎలక్ట్రీషియన్ చేత రెండు 16 ఆంపియర్ల సాకెట్లు, వాటికి వేర్వేరు లైన్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్‌లు) పెట్టించి, ఎర్తింగ్‌ను దయచేసి దగ్గరుండి పరీక్ష చేయించండి.

4. స్థలం చాలకపోతే వాషర్‌పైన డ్రయర్ నిలపవచ్చు. దానికి ఆ మోడళ్లకు సరిపోయే స్టాకింగ్ కిట్ (పై యంత్రం జారకుండా పట్టి ఉంచే అమరిక) తప్పనిసరి.