అన్నిటికీ తలూపేసే పిల్లాడికి ‘వినపడలేదు’ అనడం ఎలా నేర్పాలి?

ఆరేళ్ల బాబు, రెండు చెవులకీ మెషిన్లు, ఒకటో తరగతి. టీచర్ ఏం చెప్పినా తలూపుతాడు, అందరి ముందు మళ్లీ అడగడానికి సిగ్గుపడతాడు, ఇంటికొచ్చాక అడిగితే ఏమీ తెలియదంటాడు. వినడం ఎలా మెరుగుపడుతుంది, తన ఇబ్బంది తనే ఎప్పటికి చెప్పుకోగలుగుతాడు అని మీరు అడిగారు. మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు. రెండేళ్లప్పటి నుంచి హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటోంది. నేను ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణురాలిని) కాదండీ, మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

బాబు తలూపడం అబద్ధం కాదు, మొండితనం అసలే కాదు. చాలాసార్లు తనకి వినపడలేదన్న సంగతి వాడికే తెలియదు. సగం వింటారు, మిగతా సగం మనసు పూరించేస్తుంది, అదే మొత్తం అనుకుంటారు. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బుద్ధిగా కూర్చుని రెండు పేజీల కూడికలు పూర్తి చేసింది. మర్నాడు తెలిసిందేంటంటే, టీచర్ అన్నది ‘ఆ పేజీలు ఇప్పుడే చెయ్యకండి’ అని. తను విన్నది ‘చెయ్యండి’ అని. మధ్యలో ఒక్క ‘క’ జారిపోయింది, అంతే. మన భాషతో వచ్చిన చిక్కు ఇదే. చెయ్యాలా వద్దా అన్నది వాక్యం చివర్లో తేలుతుంది, మాట్లాడేవాళ్ల గొంతు తగ్గిపోయేది కూడా అక్కడే.

పెదాలు చూసి పట్టేస్తాడులే అని కూడా అనుకోకండి. అద్దం ముందు నిలబడి, శబ్దం రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక రోజూ చెయ్యాల్సింది. పొద్దున మెషిన్లు పెట్టగానే ఆరు శబ్దాలు: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. దీన్ని లింగ్ టెస్ట్ అంటారు, డేనియల్ లింగ్ అనే ఆయన తయారుచేశాడు. మాటల్లో వచ్చే బొంగురు శబ్దం నుంచి సన్నటి శబ్దం దాకా ఈ ఆరింట్లో దాదాపు అన్నీ వచ్చేస్తాయి. మ్ కింది కొస, స్ పై కొస. పక్కనో వెనకో నిలబడి మామూలు గొంతుతో అనాలి, వాడు తిరిగి అనాలి. వరుస మార్చాలి. మధ్యలో ఒక్కోసారి ఏమీ అనకుండా ఊరుకోవాలి, లేకపోతే పిల్లలు లయ పట్టేసి వినకుండానే చెప్పేస్తారు. (మాది పట్టేసింది!) ఒకరోజు ఎడమ చెవితో విన్నప్పుడు ‘స్’ అస్సలు అనలేదు. చూస్తే మోల్డ్‌లో, అంటే మెషిన్‌కి ఉండే చెవిలో పెట్టుకునే ముక్కలో, గుబిలి అడ్డుపడింది. ఆ టెస్ట్ చెయ్యకపోతే ఆ రోజంతా బడిలో అలాగే కూర్చునేది.

కథలు, సంభాషణలు తర్వాత. ముందు శబ్దం ఉందా లేదా, తర్వాత రెండు శబ్దాలూ ఒకటేనా వేరా, ఆ తర్వాత అది ఏ మాట, ఆఖరున దాని అర్థం. మేం నేరుగా కథలకి వెళ్లి మూడు నెలలు ఏడిపించాం పాపని.

ఇప్పుడు అసలు విషయం. ‘ఏంటి?’ అని అడగడం నేర్పితే చాలదు. ఏంటి అనగానే అవతలివాళ్లు అదే వాక్యం గట్టిగా అరుస్తారు. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి కానీ, జారిపోయిన హల్లు చాలావరకు జారినట్టే ఉంటుంది. విన్నది చెప్పి, పోయిన ముక్క అడగడం నేర్పాలి: ‘లెక్కల పుస్తకం అన్నారు, ఎన్నో పేజీ?’ దీనికి మా ఇంట్లో ఒక ఆట ఉండేది. కావాలనే ఒక మాట నోట్లో నమిలేసేదాన్ని. ‘రేపు మనం మ్మ్మ్ దగ్గరికి వెళ్తున్నాం.’ తను తలూపితే కథ అక్కడే ఆగిపోతుంది. ‘ఎవరి దగ్గరికి?’ అంటేనే ముందుకెళ్తుంది. రెండు వారాల్లో అది నన్నే పట్టుకోవడం మొదలెట్టింది, నేను నిజంగానే గొణిగినప్పుడు కూడా.

ఇంకోటి, ‘ఏం లేదులే’ అన్న మాట ఇంట్లో మానేయండి. బిడ్డ ధైర్యం చేసి అడిగితే మనం ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అంటాం. రెండుసార్లు అలా అయితే మూడోసారి అడగరు, తలూపుతారు. మా ఇంట్లో ఆ మాట అందరికన్నా ఎక్కువ అన్నది నేనే.

ఆమె తరఫున జవాబులు చెప్పిందీ నేనే. ఒకసారి క్లినిక్‌లో ‘కొత్త సెట్టింగ్ ఎలా ఉంది?’ అని పాపని అడిగితే, బాగానే ఉందండీ అని నేను అనేశాను. ఆడియాలజిస్ట్ ఏమీ అనలేదు. కుర్చీ పూర్తిగా పాప వైపు తిప్పుకుని మళ్లీ అడిగింది. ‘ప్లేటు కింద పెడితే చెవిలో కొట్టినట్టుంటుంది’ అంది పాప. నాకు ఆ సంగతే తెలియదు.

బడి విషయం. మొదటి బెంచీ మంచిదని అందరూ అంటారు, నాకు అంత నమ్మకం లేదు. అక్కడ కూర్చుంటే వెనకనుంచి జవాబు చెప్పే పిల్లల మొహం కనపడదు. రెండో వరుసలో ఓ పక్కగా, బాగా వినపడే చెవి క్లాసు వైపు ఉండేలా కూర్చుంటే నయం. వీలైతే టీచర్ మెడలో వేసుకుంటే ఆమె మాట నేరుగా పిల్లాడి మెషిన్లలోకి పంపే మైక్ గురించి మీ ఆడియాలజిస్ట్‌ని అడగండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గదిలో దానికి తోడు ప్రతిధ్వని, పిల్లల గోల. మైక్ నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ దూరం పోతుంది. ఒకసారి మా అమ్మాయి టీచర్ మైక్ ఆపకుండా స్టాఫ్ రూమ్‌కి వెళ్లారు, అక్కడి కబుర్లన్నీ దీని చెవిలోకి! వెంటనే లేచి వెళ్లి ‘మేడమ్, మైక్ ఆన్‌లో ఉంది’ అని చెప్పిందట. అప్పటికి ఎనిమిదేళ్లు. బడిలో తన మెషిన్ గురించి తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

బడి నుంచి రాగానే మెషిన్లు తీసి పడేస్తే కోప్పడకండి. రోజంతా చెవి రిక్కించి వినడం ఒళ్లు హూనమయ్యే పని. మేం అరగంట వదిలేస్తాం.

ఆరేళ్లకి ‘బ్యాటరీ అయిపోయింది’ అని చెప్పగలిగితే చాలు. మార్చుకోవడం తర్వాత, కొత్త టీచర్‌కి తనే వివరించడం ఇంకా తర్వాత. అందరి ముందు అడగడానికి సిగ్గుపడతాడని రాశారు కదా, మేం టీచర్‌తో మాట్లాడి ఒక సైగ పెట్టుకున్నాం. పెన్సిల్ బాక్స్ నిలువుగా నిలబెడితే ‘మళ్లీ చెప్పండి’ అని అర్థం. సైగ మాత్రం మీరు ఎంచకండి, బాబునే ఎంచుకోనివ్వండి. మేం చెప్పిన సైగలు రెండు మా అమ్మాయి ఒక్కరోజు కూడా వాడలేదు. పెన్సిల్ బాక్స్ తను కనిపెట్టిందే.