పగలంతా కడుపు మాడ్చుకుంటే సాయంత్రం స్వీటు ఆగదు

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 34 ఏళ్లు, నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో టీచర్‌ని. రెండో కాన్పు తర్వాత 68 కిలోలు అయ్యాను, ఏడాదిన్నర కష్టపడి 56కి తెచ్చుకున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు. మళ్లీ ఎక్కడ పెరుగుతానో అని పొద్దున చాయ్ ఒక్కటే తాగుతాను, మధ్యాహ్నం రెండు పుల్కాలు, అన్నం బంద్. ఇంట్లో స్వీటు అనేదే పెట్టను. కానీ వారంలో రెండు మూడు రోజులు బడి నుంచి వస్తూ అరకిలో కలాకంద్ కట్టించుకుని, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేలోపు వంటింట్లో నిలబడే సగానికి పైగా తినేస్తున్నాను. రుచి కూడా తెలియదు. డబ్బా చెత్తబుట్టలో అడుగుకు తోసేస్తాను. తర్వాత ఏడుపొస్తుంది, మరునాడు ఏమీ తినను. నాలుగు నెలల నుంచి ఇదే. స్వీట్లు పూర్తిగా మానేసే ఉపాయం చెప్పండి.

జవాబు: చెల్లీ, మీరు అడిగిన ఉపాయం నేను చెప్పను. మీరు ఇప్పటికే అన్నం మానేశారు, టిఫిన్ మానేశారు, ఇంట్లో స్వీటు మానేశారు, ఇంకేం మానేస్తారు? ఒక చాయ్, రెండు పుల్కాలు, ఇంత కూర అంటే సాయంత్రం నాలుగింటికి మీ ఒంట్లో పడింది గట్టిగా లెక్కేసినా నాలుగైదు వందల కేలరీలు, దాంతో రోజంతా నిలబడి పాఠాలు చెప్పి బయటికొస్తే ఎదురుగా స్వీటు దుకాణం. ఆ టైముకు ఒళ్లు అడిగేది తొందరగా శక్తినిచ్చే తిండిని, అంటే చక్కెరని. ఇందులో మీ మనసు బలహీనత ఏమీ లేదు, దయచేసి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి చూశారు. పొద్దున లేస్తే తిండి ధ్యాసే, కొందరు వంట పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. వాళ్లకు అంతకుముందు ఈ అలవాటు లేదు, పస్తులే తెచ్చిపెట్టాయి.

ఇంకో సంగతి. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, 22.4. మన దేశంవాళ్లకు 18.5 నుంచి 22.9 వరకు మామూలు బరువే అంటారు. తగ్గాల్సింది ఏమీ లేదు, నిలబెట్టుకుంటే చాలు, దానికి పస్తులు అక్కర్లేదు.

రేపటి నుంచి పొద్దున ఏదో ఒకటి తిని బడికి వెళ్లండి. జొన్న రొట్టె, పప్పు అయినా సరే, రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఇడ్లీ అయినా సరే. మధ్యాహ్నం డబ్బాలో ఒక కప్పు అన్నం, పప్పు, కూర, పెరుగు. అన్నం మళ్లీ మొదలుపెట్టమంటే మీకు భయమేస్తుందని తెలుసు, అయినా చెప్తున్నాను. అన్నిటికంటే ముఖ్యం మూడున్నర, నాలుగు మధ్య, బడి గేటు దాటకముందే, శనగ గుడాలో బొబ్బెర గుడాలో ఒక గిన్నెడు తినండి. కడుపులో అవి ఉంటే దుకాణం ముందు నుంచి వెళ్లడం చాలా తేలికవుతుంది. మొదటి వారంలో తూకం అర కిలోనో కిలోనో పెరిగితే కంగారుపడకండి, అది చాలావరకు నీళ్ల బరువు. వారానికి ఒక్కసారే తూచుకోండి.

స్వీటు తినండి. అరకిలో డబ్బా వద్దు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు తెచ్చి, భోజనం అయ్యాక పిల్లలతో కలిసి కూర్చుని, ప్లేటులో పెట్టుకుని తినండి. దాచుకుని తిన్నదానికి రుచి తెలియదని మీరే రాశారు కదా. బతుకమ్మ నాడు మలీద ముద్ద పంచుకుని తిన్నప్పుడు ఎవరమూ ఏడవలేదు. లెక్క కావాలంటే, విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చాయ్‌లో వేసుకునేదీ అందులోకే వస్తుంది.

ఎప్పుడైనా మళ్లీ ఎక్కువ తినేస్తే, మరునాడు మాత్రం పస్తు ఉండకండి. పొద్దున టిఫిన్ మామూలుగానే తినాలి. మీ గొలుసు తెగేది అక్కడే.

ఇంత చేసినా తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. తక్కువ సేపట్లో చాలా తినడం, ఆపుకోలేకపోవడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత బాధపడటం వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు ఉంటే డాక్టర్లు దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013 నుంచి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జాబితాలో ఇది ఒక జబ్బుగానే ఉంది. మీలాగా మరునాడు పస్తుండటం, తిన్నది కక్కేయడం ఉంటే దానికి వేరే పేరు, అది ఏదన్నది డాక్టరే తేల్చాలి. కక్కడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం దాకా వెళ్తే మాత్రం ఆ రోజే చూపించుకోండి. కౌన్సెలింగ్‌తో బాగా నయమవుతుంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ టైములో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో ఒక్కరికైనా ఈ విషయం చెప్పండి, మీ ఆయనకో, అమ్మకో.

ప్రశ్న: మాది జడ్చర్ల. బరువు పెరుగుతున్నానని చక్కెర మానేసి చాయ్‌లో బెల్లం వేసుకుంటున్నాను, రోజూ బత్తాయి జ్యూస్ తాగుతున్నాను. సీతాఫలం తినొచ్చా?

జవాబు: బెల్లంలో కేలరీలు దాదాపు చక్కెరలో ఉన్నంతే, కాబట్టి బరువు విషయంలో తేడా ఏమీ రాదు. బత్తాయిని జ్యూస్ తీయకుండా తొనలు వలిచి తినండి, పీచు పోదు, ఒకటి తినేసరికి కడుపు నిండుతుంది, గ్లాసు జ్యూస్‌కు మూడు నాలుగు కాయలు పడతాయి. బాలానగర్ సీతాఫలం పక్కనే పెట్టుకుని తినొచ్చా అని అడుగుతున్నారా! సీజనులో రోజుకు ఒక మోస్తరు పండు తినండి. షుగర్ ఉంటే మాత్రం సగం పండుతో ఆపి, మీ డాక్టర్‌ను అడగండి.