అరోరాలో ఇల్లు చూస్తున్న సుధకి

చిరంజీవి సుధకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వూ అల్లుడుగారూ షికాగో పక్కన మా అరోరాలో ఇల్లు చూస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పిన రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. నేనీ ఊరొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. నా తోడబుట్టినదాని కూతురు నాకు పది నిమిషాల దూరంలో కాపురం పెడుతుందంటే అంతకన్నా ఏం కావాలి? ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

మనవాళ్ళకి అరోరా అంటే రెండే. ఒకటి సల్లివాన్ రోడ్డు మీది బాలాజీ గుడి, రెండోది రూట్ 59 అనే పెద్ద రోడ్డు. శనివారం ఐ-88 మీద వచ్చి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, మళ్ళీ అదే హైవే ఎక్కి పోతారు. గుడికి తూర్పున కాస్త దూరంలోనే ఫాక్స్ నది పారుతోందని పదేళ్ళుగా వస్తున్నవాళ్ళకి కూడా తెలియదు. మీకు ఇళ్ళు చూపించే ఏజెంటు, అదే రియల్టర్ కూడా రూట్ 59 చుట్టుపక్కల ఇళ్ళే చూపిస్తాడు. అవి వద్దని నేననను. కానీ ఏ ఇంటికైనా అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పూట నది ఒడ్డున నడవండి. ఈ ఊరిని నది నుంచి మొదలుపెట్టి చూస్తేనే అర్థమవుతుంది.

1834లో మెకార్టీ అన్నదమ్ములు ఇక్కడికొచ్చింది ఈ నీళ్ళ కోసమే. ఏటికి అడ్డుకట్ట వేసి మిల్లు నడిపారు. తూర్పు ఒడ్డున ఒక ఊరు, పడమటి ఒడ్డున ఇంకో ఊరు పెరిగాయి. 1857లో రెండూ కలిసినప్పుడు ఊరి కచేరీ ఏ ఒడ్డున కట్టాలన్నది తేలక, చివరికి నది మధ్యన ఉన్న స్టోల్ప్ లంకలో కట్టారు. గోదావరి లంకల్లో పెరిగినదాన్ని కదా, ఆ సంగతి విన్నప్పుడే ఈ ఊరి మీద నాకు మమకారం పుట్టింది. ఆ లంక మీదే 1931లో కట్టిన పారమౌంట్ థియేటర్ ఉంది. లోపలి పైకప్పు చూడటానికైనా ఒక నాటకానికి వెళ్ళాలి. ఊరంతటికీ కరెంటు వీధిదీపాలు పెట్టుకున్న తొలి పట్టణాల్లో ఇదొకటి. అది 1881 నాటి మాట. 'దీపాల నగరం' అన్న పేరు వచ్చింది అందుకే.

షికాగో శివారు అని చులకనగా అనుకోవద్దు. 2020 జనాభా లెక్కల్లో 1,80,542 మంది. ఇల్లినాయ్‌లో షికాగో తర్వాత పెద్ద ఊరు ఇదే. బర్లింగ్టన్ రైలు కంపెనీ పుట్టింది ఇక్కడే. వాళ్ళు 1856లో రాతితో కట్టిన రౌండ్‌హౌస్, అంటే రైలింజన్ల గుండ్రటి షెడ్డు, ఇప్పటికీ స్టేషన్ పక్కనే నిలబడి ఉంది. ఆ రైలు పనికి, ఫ్యాక్టరీ పనికి తరతరాలుగా వచ్చి స్థిరపడిన మెక్సికన్ కుటుంబాలు తూర్పు వైపు ఎక్కువ. మనవాళ్ళలో కొందరు ఆ పేటల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడతారు. నువ్వు వినకు. మంచుకి నా కారు కదలని రోజున దాన్ని తోసిపెట్టింది ఆ పేటల మనుషులే.

ఇక అసలు విషయం. ఈ ఒక్క ఊరు నాలుగు కౌంటీల్లో ఉంది: కేన్, డూపేజ్, కెండల్, విల్. స్కూల్ డిస్ట్రిక్ట్‌లు అంతకంటే తికమక. ఇంటి అడ్రసులో అరోరా అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఏ బడికి వెళ్తారో చెప్పలేం. ఒక్కోదానికి ఒక్కో నంబరు: తూర్పు చివర ఇండియన్ ప్రెయిరీ 204, నడిమధ్య 131, నదికి పడమర 129, దక్షిణాన కొంత ఆస్వీగో 308. మనవాళ్ళంతా 204 కోసం పరుగులు పెడతారు. బడి మంచిదే, కాదనను. కానీ ఆ పేరు మీద ఇంటి ధర ఎంత పెరిగిందో కూడా లెక్క వేసుకోండి. రియల్టర్ మాట నమ్మకుండా ఇంటి నంబరు చెప్పి నేరుగా స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే అడగండి. పెద్దది లెక్కల్లో చురుకని మీ అమ్మ అంటోంది. 1985లో పెట్టిన ఇల్లినాయ్ మ్యాథమెటిక్స్ అండ్ సైన్స్ అకాడమీ ఈ ఊళ్ళోనే ఉంది. పది నుంచి పన్నెండో తరగతి దాకా అక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటారు. దాని కోసం అరోరాలోనే ఇల్లు కొననక్కర్లేదు, రాష్ట్రంలో ఎక్కడున్నవాళ్ళకైనా సీటు వస్తుంది.

ప్రాపర్టీ టాక్స్ ఇక్కడ బరువు. ఈ ఏడు కట్టేది పోయినేటి పన్ను. అందుకే క్లోజింగ్ నాడు, అంటే ఇల్లు మీ పేరుకి మారే రోజున, అమ్మేవాళ్ళు ఉన్న కాలానికి పన్ను లెక్కగట్టి మీకు క్రెడిట్ ఇవ్వాలి, మీరు కట్టే సొమ్ములోంచి అంత తగ్గించాలి. మీ లాయరు ఆ అంకె వేశాడో లేదో కళ్ళతో చూసుకోండి. కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకా జాగ్రత్త. మొదటి బిల్లు ఒట్టి స్థలానికే వచ్చి ఉండొచ్చు. అది చూసి నెల ఖర్చు లెక్క వేసుకుంటే మరుసటి ఏడాది గుండె ఆగినంత పనవుతుంది.

ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు. 1986 ఆగస్టు గోదావరి వరద నేను కళ్ళారా చూశాను. నీళ్ళంటే ఏటి నుంచి, గట్టు దాటి వస్తాయని నా నమ్మకం. మేము కొన్న ఇల్లు నదికి మైళ్ళ దూరంలో ఉంది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను. 1996 జులై 17న వాన మొదలైంది. 24 గంటల్లో అరోరాలో 16.91 అంగుళాలు కురిసింది, అంటే దాదాపు 430 మిల్లీమీటర్లు. ఇల్లినాయ్ రాష్ట్రంలోనే అది రికార్డు. బ్లాక్‌బెర్రీ క్రీక్ లాంటి చిన్న వాగులు పొంగి పేటలకు పేటలే మునిగాయి. మా ఇంట్లోకి వీధిలోంచి చుక్క రాలేదు. కరెంటు పోయింది, బేస్‌మెంట్‌లో ఊటనీళ్ళని బయటికి తోడే సంప్ పంప్ ఆగింది, నీళ్ళు కిందనుంచి ఊరాయి. తెల్లారి మెట్ల మీద నిలబడి చూస్తే నా ట్రంకుపెట్టె తేలుతోంది. అందులో పెళ్ళి పట్టుచీర ఉంది, మీ తాతయ్య నాకు రాసిన నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలన్నీ ఉన్నాయి. చీర ఉతికితే కాస్త దక్కింది. ఉత్తరాల్లో సిరా మొత్తం కరిగిపోయింది. మీ తాతయ్య చేతిరాత నీకు చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు తల్లీ.

అందుకని ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు వంటగది చూసి మురిసిపోయే ముందు బేస్‌మెంట్‌లోకి దిగు. గోడల అడుగున తెల్లటి ఉప్పు చారలు ఉన్నాయేమో, ఒక మూల మాత్రమే కొత్త రంగు వేశారేమో చూడు. సంప్ పంప్ గుంటలో బకెట్టు నీళ్ళు పోయించి పంపు నడిపించమను. దానికి బ్యాటరీ బ్యాకప్ ఉందా అని అడుగు. మాకు అమ్మినాయన అది లేదని చెప్పలేదు, మేమూ అడగలేదు. బేస్‌మెంట్‌లో నీళ్ళు వచ్చిన సంగతి తెలిస్తే అమ్మేవాళ్ళు ఫారంలో రాసి ఇవ్వాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది. ఆ ఫారం చదవకుండా సంతకం పెట్టకండి. రేడాన్ పరీక్ష కూడా చేయించండి. వాసన, రంగు లేని వాయువు అది, నేలలోంచి వస్తుంది. లీటరుకు 4 పికోక్యూరీలు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గొట్టం పెట్టించి బయటికి పంపించాలి.

వరద మ్యాపులో ఆ ఇల్లు ఎక్కడుందో విపత్తులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెమా సైట్లో చూసుకోండి. మామూలు ఇంటి ఇన్సూరెన్సులో వరద ఉండదు. సంప్ పంప్ ఆగి నీళ్ళొస్తే దానికి విడిగా రైడర్, అంటే పాలసీకి అదనపు కవరేజీ, తీసుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ మామూలుగా ముప్ఫై రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు, మబ్బు పట్టాక కడితే దండగ.

నది ఒడ్డు వెంట సైకిల్ బాట చాలా బాగుంటుంది, పిల్లలతో రోజూ వెళ్ళండి. ఒక్కటే షరతు. నదిలో అక్కడక్కడా పొట్టి ఆనకట్టలు ఉన్నాయి. పైనుంచి చూస్తే పిల్లకాలవలా, ఆడుకోవచ్చనిపించేలా ఉంటాయి. కానీ కింద నీళ్ళు సుడి తిరిగి, పడ్డవాణ్ణి మళ్ళీ మళ్ళీ లోపలికే లాగుతాయి, గజ ఈతగాడైనా సరే. ఆ దరిదాపుల్లో నీళ్ళలోకి దిగనివ్వకు. చిన్నవాడికి ఏనుగులంటే పిచ్చి కదా, ఫిలిప్స్ పార్కుకి తీసుకెళ్ళు. 1930లలో అక్కడ చెరువు తవ్వుతుంటే మాస్టోడాన్ అనే పాతకాలపు ఏనుగులాంటి జంతువు ఎముకలు బయటపడ్డాయి, పార్కులోనే పెట్టారు. జూకి టికెట్ లేదు.

నెలలో మొదటి మంగళవారం పొద్దున పది గంటలకు సుడిగాలి హెచ్చరిక సైరన్ మోగితే భయపడకు, అది పరీక్ష. ఇంకెప్పుడు మోగినా పిల్లల్ని తీసుకుని కిందికి దిగు. 1990లో దక్షిణాన ప్లెయిన్‌ఫీల్డ్‌ని కొట్టిన సుడిగాలికి 29 మంది పోయారు. బేస్‌మెంట్ మీద ఇంత రాయడానికి అదీ కారణం. విలువైనవి అక్కడ దాచకూడదు, మనం దాక్కోవడానికి మాత్రం అది కావాలి.

అల్లుడుగారు షికాగో వెళ్ళి రావడానికి రైలు సుఖం. అరోరా స్టేషన్ లైనుకి చివరిది కాబట్టి పొద్దున కూర్చోవడానికి చోటుంటుంది. యూనియన్ స్టేషన్‌కి గంట పైనే పడుతుంది. రూట్ 59 స్టేషన్ అయితే పార్కింగ్ సంగతి ముందే కనుక్కోమను.

వచ్చే శనివారం కారులో కాకుండా రైల్లో రండి. రౌండ్‌హౌస్ దగ్గర నిలబడి ఉంటాను. అక్కణ్ణుంచి నడుచుకుంటూ లంక మీదికి వెళ్దాం. మధ్యాహ్నం మా ఇంట్లో గోంగూర పప్పు, ఆ తర్వాత మీరు చూసిన మూడు ఇళ్ళకీ నేనూ వస్తాను. టార్చిలైటు, బకెట్టు నేను తెస్తాను.

మీ
పెద్దమ్మ