బుజ్జీ, నాన్న కొట్టు లెక్కలు రాసేముందు ఇది చదువు

బుజ్జీ,

ఎరువుల కొట్టు అప్పు ఖాతాలన్నీ నువ్వే కంప్యూటర్‌లో జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌గా రాస్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను, కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదమ్మా, అది రైతుల డబ్బు.

బ్యాకప్ రోజూ తీసుకో, అది నీకు తెలిసిందే. నేను గట్టిగా చెప్పేదొక్కటే, కోడ్‌లో ఒక విలువకి ఏ పేరు పెట్టినా దాని ముందు కాన్‌స్ట్ (const) అనే రాయి, ఆ విలువ నిజంగా మార్చాల్సొస్తేనే లెట్ (let). పాత పద్ధతి వార్ (var) జోలికి పోకు.

2014లో ఒక చిన్న ఫైనాన్స్ ఆఫీసుకి వడ్డీ లెక్క రాశా. ఒక్కొక్కరి లెక్కా వరసగా తిప్పే లూప్ బయట వార్‌తో వడ్డీ రూపాయిన్నర అని పెట్టి, లోపల ఇఫ్ షరతు బ్రాకెట్లలో, కిస్తీ లేటైనవాళ్ళకి మళ్ళీ అదే పేరుతో వార్ రాసి రెండు రూపాయలు పెట్టా, అది ఆ బ్రాకెట్లలోనే ఉంటుందనుకున్నా. వార్‌కి బ్రాకెట్లతో పని లేదు, ఫంక్షన్ మొత్తానికీ ఒకటే. లిస్టులో మొదటి లేటు మనిషి తగిలాక కింద ఉన్నవాళ్ళందరికీ రెండు రూపాయలే పడింది, ఒక్క ఎర్రర్ రాలేదు. ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి పెన్సిల్ లెక్క చూపించాడు. 20,000కి ఆరు నెలలంటే 1,800 కదా బాబూ, 2,400 కట్టించుకున్నారే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఆ కాగితం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

కాన్‌స్ట్ 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో స్టాండర్డ్‌లోకి వచ్చింది. నువ్వు లూప్ లోపలే కాన్‌స్ట్ వడ్డీ అని పెట్టి, లేటైతే 2 లేకపోతే 1.5 అని ఒక్క లైన్లో తేల్చేయి, ప్రతి మనిషికీ కొత్తగా పుడుతుంది. పొరపాటున ఎక్కడైనా మార్చబోతే టైప్ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది, ఆగడమే మనకి కావాలి. కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌లో ప్రిఫర్-కాన్‌స్ట్, నో-వార్ రూల్స్ రెండూ ఆన్ చేసుకో.

కాన్‌స్ట్ పెట్టా కదా అని ధీమాగా కూర్చోకు మళ్ళీ. ఖాతాదారుల లిస్టుని కాన్‌స్ట్ చేసినా పుష్ చేస్తే అందులో కొత్త పేరు చేరుతుంది, ఒక్కో ఖాతా వివరాలుండే ఆబ్జెక్ట్‌లో బాకీ అంకె కూడా మారుతుంది, ఆ పేరుకి వేరే లిస్టు అంటగట్టకుండా మాత్రమే అది ఆపుతుంది. చిన్నప్పుడు ఎక్కాలు గబగబా చెప్పేసి ఏడో ఎక్కంలో తప్పు పోయి నా ఒళ్ళో ముఖం దాచుకునేదానివి, ఆ తొందర ఇక్కడ వద్దు తల్లీ.

మీ నాన్న ఎర్ర అట్ట పద్దు పుస్తకం అప్పుడే మానేయనివ్వకు, మూడు నెలలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. ఆ వడ్డీ ఫంక్షన్ రాశాక నాకు పంపు, ఎంత రాత్రైనా చూస్తాను.

మావయ్య