పార్టులు రావడం లేదని కొత్త కారు డెలివరీ వాయిదా వేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: కొత్త కారు బుక్ చేసి నెలలు గడుస్తున్నాయి. విడిభాగాల కొరత అని డెలివరీ వాయిదా వేస్తూ వచ్చారు. ఇప్పుడేమో ఒకటి రెండు ఫీచర్లు లేకుండా బండి ఇస్తాం, పార్టులు వచ్చాక బిగిస్తాం అంటున్నారు. తీసుకోవచ్చా? ఆగాలా? క్యాన్సిల్ చేసుకోవాలా?

జవాబు:

ముందు ఏ పార్టు రావడం లేదో కనుక్కోండి. అది తెలియకుండా ఈ మూడింట్లో ఏదీ తేల్చుకోవద్దు. రానిది వైర్‌లెస్ చార్జర్ అయితే ఒక లెక్క, బండి జారకుండా చూసే ఈఎస్‌పీ మాడ్యూల్ అయితే ఇంకో లెక్క. షోరూంలో మీతో మాట్లాడే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు చాలాసార్లు ఈ వివరం తెలియదు. అతనికి కనిపించేది అలాట్‌మెంట్ వచ్చిందా రాలేదా అన్నదే. అందుకని మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. నోటితో అడిగితే ‘కంపెనీ నుంచే రావడం లేదండీ’ అని ఊరుకుంటారు. రాసి అడిగితే వాళ్లు కూడా ఎవరినో ఒకరిని కనుక్కుని రాయాల్సి వస్తుంది. మాకు అసలు సంగతి తెలిసింది అలాగే.

మేం బుక్ చేసింది 2021లో, చిప్‌ల కొరత బాగా ముదిరిన రోజుల్లో. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేయించాలి. పాత కారును నమ్ముకుని దూరం వెళ్లలేని పరిస్థితి. మొదట చెప్పిన నెల దాటింది, ఆ తర్వాత చెప్పిన నెలా దాటింది. ఈమెయిల్ పెట్టాక తేలిందేమిటంటే, మేం ఎంచుకున్న వేరియంట్‌లోని పెద్ద టచ్‌స్క్రీన్ యూనిట్‌కు సరఫరా లేదు. దాని కింది వేరియంట్‌లో మామూలు ఆడియో సిస్టమ్ కాబట్టి ఆ బండ్లు వస్తూనే ఉన్నాయి. రెండింటి బ్రోషర్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఈఎస్‌పీ రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా స్క్రీన్, అలాయ్ వీల్స్, వైర్‌లెస్ చార్జర్ దగ్గరే. కింది వేరియంట్‌కు మారిపోయాం. అయితే మారేటప్పుడు పాత బుకింగ్ తేదీనే కొనసాగిస్తామని రాయించుకున్నాం. ఇది మాత్రం మర్చిపోకండి. లేదంటే కొత్త బుకింగ్‌గా లెక్కేసి మిమ్మల్ని క్యూలో చివరికి నెట్టేసే ప్రమాదం ఉంది.

కింది వేరియంట్ ఎప్పుడూ త్వరగా వస్తుందని నేను అనడం లేదు. ఉన్న కొద్దిపాటి చిప్‌లను లాభం ఎక్కువ వచ్చే ఖరీదైన మోడళ్లకు కేటాయించిన కంపెనీలు ఆ రోజుల్లో చాలానే ఉన్నాయి. అలాంటి చోట ఎక్కువ కాలం ఆగాల్సి వచ్చింది బేస్ మోడల్ బుక్ చేసినవాళ్లే. అందుకే ఏ పార్టు అన్న ప్రశ్న మీద నేను ఇంత పట్టుపడుతున్నాను.

ఒక చిన్న పార్టు కోసం కారు మొత్తం ఆగిపోవడం చూస్తే చిరాకేస్తుంది. కానీ అది ఎలా జరుగుతుందో తెలిస్తే షోరూం వాళ్లు చెప్పే తేదీని ఎంత నమ్మాలో అర్థమవుతుంది. ఇప్పటి కారులో వెయ్యికి పైగా చిప్‌లుంటాయి. అద్దాలు దించడం, వైపర్లు, బ్రేకులు, ఇంజిన్ అన్నీ వాటితోనే నడుస్తాయి. 2020 మొదట్లో కోవిడ్ వల్ల అమ్మకాలు పడిపోతాయని కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించేశాయి. ఆ ఖాళీని ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు, గేమింగ్ యంత్రాల ఆర్డర్లు నింపేశాయి. అదే ఏడాది చివర్లో కార్లకు గిరాకీ తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీల్లో చోటు లేదు. చిప్ తయారవడానికి మామూలుగానే మూడు నాలుగు నెలలు పడుతుంది, డబ్బు ఎక్కువిస్తామన్నా ఆ సమయం తగ్గదు. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు కరెంటు పోయి అక్కడి చిప్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మార్చి 19న జపాన్‌లోని నాకాలో రెనెసాస్ కంపెనీ చిప్ ఫ్యాక్టరీ అంటుకుంది, అక్కడ ఉత్పత్తి మునుపటి స్థాయికి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. 2011 భూకంపం తర్వాత జాగ్రత్తపడి చిప్‌ల నిల్వలు పెట్టించుకున్న టొయోటా కూడా 2021 సెప్టెంబరులో ఉత్పత్తిని అనుకున్నదానికంటే 40 శాతం తగ్గించుకుంది. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 77 లక్షల బండ్లు తయారు కాకుండా పోయాయని అలిక్స్‌పార్ట్‌నర్స్ సంస్థ అంచనా వేసింది.

అంటే మీకు చెప్పే తేదీ చాలావరకు షోరూం చేతిలో లేదు, ఒక్కోసారి కంపెనీ చేతిలో కూడా లేదు. ‘వచ్చే నెల 15న’ అని ఎవరైనా చెబితే, ఆ బండి తయారైందా, దానికి చాసిస్ నంబరు వచ్చిందా అని అడగండి. బండి పూర్తిగా తయారై నంబరు కూడా ఉంటే అది నమ్మదగ్గ తేదీ. లేకపోతే అది అంచనా మాత్రమే. ఆ అంచనా మీద సెలవులు, ప్రయాణాలు, ఆసుపత్రి తేదీలు పెట్టుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న, తర్వాత బిగిస్తామన్న మాట. ఇందులో మోసం ఉందని నేను అనుకోను, చాలా పెద్ద కంపెనీలే ఈ పని చేశాయి. 2022 అక్టోబరులో టొయోటా జపాన్‌లో కొన్ని మోడళ్లకు రెండు స్మార్ట్ తాళాల బదులు ఒక స్మార్ట్ తాళం, ఒక మామూలు తాళం ఇచ్చింది. అదే ఏడాది ఫోర్డ్ కొన్ని ఎక్స్‌ప్లోరర్ బండ్లను వెనక సీట్ల ఏసీ కంట్రోల్ లేకుండా అమ్మి, తర్వాత పెట్టిస్తామంది. 2021లో బీఎండబ్ల్యూ కొన్ని మోడళ్ల స్క్రీన్లలో టచ్ సదుపాయం తీసేసింది. వీటిలో కొన్ని తర్వాత బిగించేవి, కొన్ని ఎప్పటికీ రానివి. మీకు ఇస్తామంటున్నది ఏ రకమో ముందు తేల్చుకోండి.

నేనైతే ఇలా చూస్తాను. రాని పార్టు ఒక ప్లగ్‌తో తగిలించేదా, లేక డ్యాష్‌బోర్డు విప్పి వైరింగ్ కొత్తగా వేయాల్సినదా? దానికి కావాల్సిన వైర్లు, కనెక్టర్ ఇప్పటికే బండిలో ఉంటే తర్వాత బిగించడం సులువు. లేకపోతే ఆ మాట నిలబెట్టుకోవడం వాళ్లకే కష్టం. విప్పి మళ్లీ బిగించిన డ్యాష్‌బోర్డు ఒక్కోసారి ఫ్యాక్టరీలో కూర్చున్నంత గట్టిగా ఉండదు, గుంతల్లో టకటకలాడుతుంది. సర్వీస్ సెంటర్‌లో ఎలక్ట్రికల్ పని చూసే మెకానిక్‌ను కలిసి అడిగితే ఈ సంగతి నిమిషాల్లో చెప్పేస్తాడు. పైగా అతనికి అమ్మకాల టార్గెట్ ఉండదు, ఉన్నదున్నట్టు చెప్తాడు.

మాకూ కారు ఒకే తాళంతో ఇచ్చారు. రెండోది తర్వాత వస్తుందన్నారు. ఇన్‌వాయిస్ మీదే ‘ఒక రిమోట్ తాళం బాకీ, అదనపు ఖర్చు లేకుండా ఇవ్వబడును’ అని రాయించి, మేనేజర్ సంతకం, స్టాంపు వేయించుకున్నాం. కొన్నాళ్లకు ఆ మేనేజర్ ఉద్యోగం మారిపోయాడు. కొత్తగా వచ్చినాయనకు మా సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కాగితం చూపించాం, పార్టు రాగానే తాళం ఇచ్చి మా ముందే బండికి ప్రోగ్రామ్ చేయించాడు. మాతోపాటే బండి తీసుకున్న మరో కుటుంబానికి ఇదే హామీ నోటితో ఇచ్చారు. వాళ్లు తిరిగిన తిరుగుడు చూస్తే బాధేసేది. మీరు కూడా పార్టు పేరు, బిగించే పని ఖర్చు ఎవరిది, దాని వారంటీ ఏ రోజు నుంచి మొదలవుతుంది, ఫలానా గడువులోగా రాకపోతే ఎంత డబ్బు తిరిగిస్తారు, ఈ నాలుగూ రాయించుకోండి. రాయనంటే ఆ ఫీచర్ మీకు ఎప్పటికీ రాదనుకునే ధర మాట్లాడుకోండి. లేని వస్తువుకు పూర్తి ధర కట్టాల్సిన అవసరం మీకు లేదు. రేపు మీరు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు కూడా ఆ లోటు చూసే బేరమాడతారు.

భద్రతకు సంబంధించిన పార్టు లేకుండా మాత్రం బండి తీసుకోకండి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకులు, సీటు బెల్టు, ఈఎస్‌పీ, చిన్నపిల్లల సీటు బిగించే కొక్కేలు, వీటిలో ఏది లేదన్నా ఆగండి. పార్కింగ్ సెన్సర్లు కొందరికి సౌకర్యం మాత్రమే. ఇంటి ముందు చిన్నపిల్లలు తిరిగే వాళ్లకు అవి భద్రత కిందికే వస్తాయి, నా దృష్టిలో.

ఆగాలని తేల్చుకుంటే పాత బండిని అప్పుడే అమ్మేయకండి. కొరత రోజుల్లో కొత్తవి దొరక్క జనం సెకండ్ హ్యాండ్ బండ్ల మీద పడతారు. అమెరికాలో 2021 జూన్‌లో వాడిన కార్ల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 45 శాతం పెరిగాయి. అమ్మేవాడికి అది మంచి ధరే. కానీ కొత్త బండి చేతికి రాకముందే అమ్మేసి, మధ్యలో అవసరం పడి మళ్లీ ఏదో ఒకటి కొనాల్సి వస్తే ఆ లాభమంతా అక్కడే పోతుంది. లోన్ సంగతి కూడా చూసుకోండి. బ్యాంకు ఇచ్చే మంజూరు పత్రానికి గడువుంటుంది, డెలివరీ ఆలస్యమైతే వడ్డీ రేటు మారొచ్చు. బుకింగ్ రోజు ధర ఖాయమా, డెలివరీ రోజు ధర కట్టాలా అన్నది బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

క్యాన్సిల్ చేసి వేరే కంపెనీకి వెళ్తే సమస్య తీరిపోతుందనుకోవడానికీ లేదు. బాష్, డెన్సో లాంటి సంస్థలు అనేక కార్ల కంపెనీలకు పార్టులు అమ్ముతాయి. వాళ్ల దగ్గర చిప్ ఆగితే అందరి దగ్గరా ఆగుతుంది. కొరత చిప్‌లతో ఆగిపోయిందీ లేదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే అక్కడ తయారయ్యే వైరింగ్ హార్నెస్‌లు (కారులోని వైర్లను కలిపి కట్టిన కట్టలు) ఆగి ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీల్లో పని నిలిచింది. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్ లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టాక మోటార్లలో వాడే అయస్కాంతాలు దొరక్క జపాన్‌లో సుజుకి స్విఫ్ట్ ఉత్పత్తి కొన్నాళ్లు ఆపేసింది. అదే ఏడాది అక్టోబరులో నెదర్లాండ్స్‌కు చెందిన నెక్స్‌పీరియా కంపెనీ చిప్‌లు చైనా నుంచి బయటికి రాకపోయేసరికి హోండా తన మెక్సికో ఫ్యాక్టరీలో పని ఆపాల్సి వచ్చింది. కాబట్టి వేరే కంపెనీకి మారితే బుకింగ్ కోసం కాకుండా, యార్డులో పూర్తిగా తయారై నిలబడి ఉన్న బండి కోసం మారండి.

యార్డులో నిలబడిన బండి తీసుకునేటప్పుడు తయారీ నెల అడగండి. 2022 జూన్ ఆఖరుకు జనరల్ మోటార్స్ దగ్గర ఏదో ఒక పార్టు తక్కువై ఆగిపోయిన బండ్లు దాదాపు 95 వేలు ఉన్నాయి. అలా ఎండకూ వానకూ నెలల తరబడి నిలబడితే 12 వోల్టుల బ్యాటరీ బలహీనమవుతుంది, టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బ్యాటరీని టెస్టర్‌తో చూపించమనండి. టైరు పక్కగోడ మీద ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు అది తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. బానెట్ ఎత్తి, సీట్ల కింద లైట్ వేసి చూడండి. రిజిస్ట్రేషన్ కాకముందే ఇవన్నీ చూడాలి. ఆ తర్వాత మార్చమని అడగడం చాలా కష్టం.

బుకింగ్ సమయంలో ఎవరూ గుర్తు చేయని విషయం మరొకటుంది. ఫ్యాక్టరీకే దొరకని పార్టు సర్వీస్ సెంటర్‌కు అంతకంటే త్వరగా దొరుకుతుందని ఆశ పెట్టుకోలేం. మా కారు కొన్న కొత్తలోనే వెనక నుంచి ఎవరో గుద్దారు. దెబ్బ చిన్నదే, బంపర్ పగిలి అందులోని సెన్సర్లు పోయాయి. బంపర్ వెంటనే వచ్చింది, సెన్సర్లు రాలేదు. అవి లేకుండానే బంపర్ బిగించి బండి ఇవ్వమన్నాం, మిగతా పని రెండో విడతలో చేయించాం. అయితే ముందుగా ఇన్సూరెన్స్ సర్వేయర్‌తో మాట్లాడి, రెండు విడతల పనీ ఒకే క్లెయిమ్ కిందికి వస్తుందని ఒప్పించాల్సి వచ్చింది. మీరు కొనబోయే మోడల్‌కు హెడ్‌లైట్, బంపర్, ముందు అద్దం మార్చాలంటే ఇప్పుడు ఎన్నాళ్లు పడుతోందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. అక్కడ రిపేరు కోసం నెలల తరబడి ఆగిపోయిన అదే మోడల్ బండ్లు కనబడితే, డెలివరీ రేపే ఇస్తామన్నా నేనైతే వేరే మోడల్ చూసుకుంటాను.