గడిలో తుపాకి, దాని మీది రాతలు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివిన. జగిత్యాల దిక్కు ఒక దొర గడిలో దొరికిన భర్మార్ (మూతి నుంచి మందూ గుండూ దట్టించే పాత తుపాకి) గురించి ఉషారుగా రాశావు, వాక్యం కూడా నడుస్తోంది. కానీ రెండో పేరాలోనే ‘నిజాం రాజముద్ర ఉన్న ఈ తుపాకిని 1809లో రేమాండ్ కార్ఖానాలో తయారు చేశారు’ అని తేల్చేశావు (రేమాండ్ నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని). ఫోటోలు ముందు పెట్టుకుని చూస్తే ఆ వాక్యంలో ‘తుపాకి’ అన్న ఒక్క మాటే నిలుస్తుంది.

పాత తుపాకి మీది రాతలు ఒకరే ఒకేసారి చెక్కినవి కావు. గొట్టం చేసినవాడిది ఒకటి, మందు దట్టించి పరీక్ష చేసినవాడిది ఒకటి, కొన్న సర్కారుది ఒకటి, అమ్మిన దుకాణానిది ఒకటి. గుంజుకున్నవాడు కూడా రాసుకుంటాడు. బికనీరు ఆయుధాగారంలోని కొన్ని దక్కను ఆయుధాల మీద చుక్కలు పొడిచి రాసిన నాగరి అక్షరాలుంటాయి. అవి 1689లో ఆదోని పట్టుకున్నప్పుడు దక్కినవని చెప్పే రాతలు, వాటిని చేసిన కమ్మరి పేరు కాదు. కాబట్టి ప్రతి గుర్తుకూ కాగితం మీద వేరే డబ్బా గీసి, ఇది ఎవరి చేయి, ఎప్పటిది అని విడివిడిగా రాసుకో. వాటిని కలిపి కథ చేయడం చివరి పని.

నువ్వు రాజముద్ర అన్నది గుర్రం (మీట నొక్కితే కొట్టుకునే కొక్కెం) బిగించిన ఇనుప పలక మీది సింహం. ముందుకాళ్లతో కిరీటం పట్టుకుని నిలబడ్డ ఆ సింహం ఈస్టిండియా కంపెనీది. 1808 నుంచి పలకల మీద అదే కొట్టారు. అంతకుముందు హృదయాకారాన్ని నాలుగు గళ్లుగా చీల్చి అక్షరాలు వేసిన గుర్తు ఉండేది, పాత పలకల తోక మీద చేసినవాడి పేరూ ఏడూ చెక్కేవారు. నీ ఫోటోలో తోక దగ్గర ఏదో నీడలా ఉంది, మళ్లీ చూడు. ఇక రేమాండ్ సంగతి. హైదరాబాదులో ఆయన తోపుల కార్ఖానా 1786 నాటిది, ఆయన 1798 మార్చిలో పోయాడు, అదే ఏడు అక్టోబరులో ఆ ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేశారు. 1809 అని నువ్వే రాసి, ఆయన కార్ఖానా అని కూడా నువ్వే రాస్తే ఎట్లా?

గొట్టం మీది బంగారు రాత ఫారసీ లిపిలో ఉంది. నువ్వు చదివిన పేరు ‘సర్కార్’ అన్న మాట పక్కన ఉంది, అంటే అది సొంతదారు పేరు. చేసినవాడి పేరుకు ముందు సాధారణంగా ‘అమల్’ అని ఉంటుంది. నీ గొట్టం మీద ఆ మాట ఉంది గానీ తర్వాతి అక్షరాలు అరిగిపోయాయి. అక్కడ ఊహించి పేరు నింపకు, ‘అరిగిపోయింది’ అని రాయి.

అసలు చిక్కు నువ్వు 1809 అని లెక్కగట్టిన 1224 అన్న అంకెల్లో ఉంది. హిజ్రీ అయితే 0.97తో గుణించి 622 కలపాలి, 1809 వస్తుంది. మన దక్కను ఫస్లీ (నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం) అయితే 590 కలపాలి, 1814-15 అవుతుంది. టిప్పు సుల్తాను సొంతంగా పెట్టిన మౌలూదీ సంవత్సరాల లెక్కయితే 1796-97 అవుతుంది గానీ, ఆయన అంకెలను కుడి నుంచి ఎడమకు వేయించాడు, మన కంటికి 4221లా కనిపించాలి. నీ ఫోటోలో అట్లా లేదు, కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. మిగతా రెండింట్లో ఏదో తేలాలంటే పక్కన ‘హిజ్రీ’ అనో ‘ఫస్లీ’ అనో మాట దొరకాలి. ఇంకో సంగతి: ఆ లిపిలో 2కు ఒక పన్ను, 3కు రెండు పళ్లు. ఒక పన్ను అరిగితే 1234 కాస్తా 1224 అవుతుంది, అది హిజ్రీ అయితే 1818-19కి పోతుంది. సున్నా అంటే ఉత్త చుక్క. తుప్పు తిన్న గుంట కూడా సున్నాలాగే ఉంటుంది.

అందుకే ఫోటోలు మళ్లీ తీయాలి. గది చీకటి చేసి, టార్చిని లోహానికి దాదాపు ఆనించి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తియ్యి. పక్కన స్కేలు పెట్టు. నిజంగా చెక్కిన గీతకు వెలుగు మారినప్పుడల్లా నీడ మారుతుంది, మరక మాత్రం మారదు. గుడ్డతో దుమ్ము తుడువు, అంతే. ఇంట్లోవాళ్లు పూజ సామాన్లకు పట్టించినట్టు చింతపండు పట్టిస్తామంటే అసలే ఒప్పుకోకు. పులుపు ఇనుమును తింటుంది, పైన పొదిగిన సన్నని బంగారు తీగ పట్టు వదిలి లేచిపోతుంది. ఉప్పుకాగితం పెడితే ఇక చదవడానికి ఏమీ మిగలదు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. పాత భర్మార్లలో మందూ గుండూ అట్లనే ఉండిపోవడం మామూలే. మూతి ముందు మొహం పెట్టకుండా, పక్కన నిలబడి సన్నని చెక్క పుల్ల మెల్లగా లోపలికి పోనిచ్చి, మూతి దగ్గర గీత పెట్టు. పుల్ల తీసి గొట్టం బయట ఆనించి చూడు. దాని కొస రంజకం గిన్నె (నిప్పు అంటించే మందు పోసే చిన్న గిన్నె) పక్కన ఉన్న సన్న రంధ్రం దాకా రావాలి. రెండు మూడు వేళ్ల ముందే ఆగితే లోపల ఏదో ఉన్నట్టే. ఇనుప చువ్వతో కెలకొద్దు. పక్కన పెట్టించి, లైసెన్సున్న తుపాకుల దుకాణం మేస్త్రీని పిలిపించు.

కొలతలు నీ వ్యాసంలో అసలే లేవు. కంపెనీ సిపాయి తుపాకి గొట్టం 39 అంగుళాలు, లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. నీ గొట్టం అంతకంటే బాగా పొడుగుంటే, కంపెనీ పలకను దేశవాళీ గొట్టానికి బిగించారని అర్థం. అట్లాంటివి చాలానే ఉన్నాయి. అప్పుడు ‘ఈ తుపాకి ఎప్పటిది’ అన్న ప్రశ్నకు ఒక జవాబు ఉండదు, పలకకు ఒకటి, గొట్టానికి ఒకటి, కుందాకు (చెక్క భాగానికి) ఒకటి ఉంటాయి. మెలికల చారలు కనపడగానే నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో చేసిన పేరున్న ఉక్కు అని కూడా రాయకు. ఆ గట్టి ఉక్కు కత్తులకు పేరుపడ్డది. గొట్టానికి సాగే ఇనుము కావాలి, లేకుంటే మందు పేలినప్పుడు పగులుతుంది.

ఆ ఇంట్లోనే ఉందన్న రెండో తుపాకి, తూటాలది, తేలిక. పైన కలకత్తా మాంటన్ కంపెనీ పేరుంటే అది అమ్మిన దుకాణం కావచ్చు. గొట్టం అడుగున చూడు. గుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అక్షరాలుంటే బెల్జియంలోని లియేజ్‌లో పరీక్షించింది, పైన కిరీటం ఉంటే 1893 తర్వాతిది. ‘నాట్ ఫర్ బాల్’ (గుండుకు కాదు) అని ఉంటే ఇంగ్లండులో 1875-87 మధ్య పరీక్షించింది.

రజాకార్ల దగ్గర గుంజుకున్నదని పెద్దమనిషి చెప్పింది కొట్టిపారేయకు. సాయుధ పోరాటంలో దళాల చేతుల్లో భర్మార్లు నడిచాయి. కానీ ఆయన చూశాడా, విన్నాడా, అప్పుడు ఆయన వయసెంత అని అడిగి, ఆయన మాటగానే రాయి. ఉర్దూ లైసెన్సు కాగితం ఉందేమో పెట్టెలు వెతికించు. దాని మీద తారీఖు ఫస్లీలో ఉంటుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోయేటప్పుడు సొంతదారు పేరూ, తాలూకా పేరూ, ఫస్లీ సంవత్సరమూ చేతిలో ఉండాలి. ఉత్త చేతులతో పోతే దఫ్తరాల గుట్ట చూసి తిరిగొస్తావు.

చివరిగా చట్టం. పాతదైనంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదనుకోవద్దు. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధానికే 1959 చట్టం మినహాయింపు ఇస్తుంది. పేలుతుందో లేదో తేల్చేది నువ్వూ నేనూ కాదు. ఇంటివాళ్ల కాగితాలు సరిగ్గా ఉన్నాయని తెలిసేదాకా వ్యాసం బయట పెట్టకు. పెట్టినప్పుడు కూడా ఊరి పేరు, గడి ముఖద్వారం ఫోటో తీసేయి. ‘ఉత్తర తెలంగాణలో ఒక గడి’ అంటే చాలు, బంగారు పని ఉన్న తుపాకి ఏ ఇంట్లో ఉందో దొంగలకు మనం చెప్పే పని లేదు.

మీ అన్న